సంస్మరణ సభ ఏర్పాట్లు, ఆ తర్వాతి ఫోన్లు

సభ్యులందరికీ నమస్కారం. వృద్ధుల హక్కుల కోసం జీవితమంతా తిరిగిన మనిషిని తలుచుకునే సభకు పెద్దవాళ్లే ఎక్కువగా వస్తారు. ఏర్పాట్లు వాళ్లకు తగ్గట్టు ఉండాలి.

చేతులున్న కుర్చీలే వేయండి. సీటు నేల నుంచి 45 సెంటీమీటర్లకు తగ్గితే లేవడానికి మోకాళ్లు సహకరించవు. ర్యాంపుకు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు లెక్క. మౌనం కూర్చునే పాటించవచ్చు. చాలాసేపు కూర్చుని ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కొందరికి కళ్లు తిరుగుతాయి.

ఎక్కువ తప్పులు జరిగేది సౌండ్ దగ్గర. వయసుతో ముందుగా వినిపించకుండా పోయేవి సన్నని ధ్వనులు: స, శ లాంటి హల్లులు. వాల్యూమ్ పెంచితే హోరు పెరుగుతుంది, మాట తేటపడదు. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టి నిదానంగా మాట్లాడాలి. వక్త వెనక కిటికీ ఉంటే ముఖం చీకటిపడి పెదాల కదలిక కనబడదు.

జీవిత విశేషాల కాగితం 18 పాయింట్ల అక్షరాల్లో అచ్చేయించండి. పదవుల చిట్టా ఎవరూ చదవరు (మనమూ చదవం). ఏ సమస్య ఎలా తీరిందో రాయండి. సాయం పొందినవాళ్ల పేర్లు వాళ్ల అనుమతితోనే.

పోయిన మనిషి వారం వారం చేసే ఫోన్ కోసం ఎదురుచూసే పెద్దలున్నారు కదా, ఇకపై ఆ ఫోన్ చేయడానికి ఒక్కొక్కరికీ ఒక సభ్యుణ్ణి, రోజును, వేళను ఖాయం చేయాలి. 'ఎవరో చేస్తార్లే' అనుకుంటే ఆ ఫోన్ మోగదు. మరణవార్త సూటిగా చెప్పండి. 'ఇప్పుడు లేరు' అంటే ఊరెళ్లారనుకుంటారు. బ్యాంకు వివరాలు, ఓటీపీ ఎవరినీ అడగొద్దు.