గుండె బాగుపడింది, మరి జ్ఞాపకశక్తి మాటేమిటి?

సంపాదకులకు,

ప్రపంచ హృదయ దినోత్సవం నాడు మీరు వేసిన ప్రత్యేక పేజీని దాచుకుని వారం రోజులుగా తిరిగి తిరిగి చదువుతున్నాను. కొలెస్టరాల్ గురించి ఉంది, నడక గురించి ఉంది, బైపాస్ అయ్యాక ఎన్నాళ్లకు మెట్లెక్కవచ్చో కూడా ఉంది. ఆపరేషన్ తరవాత మనిషి బుద్ధికి ఏమవుతుందో ఒక్క ముక్క లేదు.

మావారు చెన్నైలోని పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. మనవరాలి చేత పందొమ్మిదో ఎక్కం చూడకుండా చెప్పించిన మనిషి. నిరుడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయనకు బైపాస్ చేశారు. గుండె చక్కగా పనిచేస్తోంది. ఇంటికి వచ్చిన మూడో వారం పాల లెక్క ముందేసుకుని గంటసేపు కూర్చున్నారు. చివరికి పుస్తకం నా వైపు జరిపి, "నువ్వే చూడు" అన్నారు. నా కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు. డాక్టరుగారిని అడిగితే, "వయసమ్మా, సర్దుకుంటుంది" అన్నారు. ఆపరేషన్‌కు ముందు రోజు వరకూ లేని వయసు మూడు వారాల్లో వచ్చి మీద పడుతుందా?

ఆపరేషన్ సాగినంతసేపూ గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని చేసే యంత్రం దగ్గర ఉద్యోగం చేసిన మా బంధువు ఒకరు అసలు సంగతి విడమరిచి చెప్పారు. ఆపరేషన్‌లో గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద నాళమైన బృహద్ధమనికి క్లాంపు అనే పట్టుకారు బిగిస్తారు, తరవాత విప్పుతారు. ఆ ధమని లోపలి గోడకు పేరుకున్న కొవ్వు, సున్నపు పెచ్చులు అప్పుడు రేణువులుగా ఊడి రక్తంతో పాటు మెదడుకు చేరవచ్చు. సన్నని గాలిబుడగలు, ఛాతీలోంచి పీల్చి మళ్లీ ఒంట్లోకి పంపే రక్తంలోని కొవ్వు బిందువులు కూడా అంతే. యంత్రంలో వడపోత ఉంటుంది కానీ మరీ చిన్నవి దాన్ని దాటిపోతాయి. కణత దగ్గర డాప్లర్ అనే, ధ్వని తరంగాలతో రక్తప్రవాహాన్ని చూసే పరికరం పెడితే అవి మెదడుకు పోవడం అప్పటికప్పుడే తెలుస్తుందట.

ఇది నిన్న మొన్న బయటపడిన విషయం కాదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వైద్యులు బైపాస్ చేయించుకున్న 261 మందిని పరీక్షించి 2001లోనే ప్రకటించారు. డిశ్చార్జి నాటికి 53 శాతం మందిలో జ్ఞాపకం, ఏకాగ్రత వంటివి తగ్గాయి. ఆరు నెలలకు అది 24 శాతానికి దిగి, ఐదేళ్లకు మళ్లీ 42కు పెరిగింది. ఆ దీర్ఘకాలపు తగ్గుదలకు యంత్రం ఒక్కటే కారణం కాదని, ఆపరేషన్ చేయించుకోని గుండె జబ్బువారిలోనూ అది కనిపిస్తుందని తరవాతి పరిశోధనలు చెప్పాయి. ఒప్పుకుంటాను. ఆపరేషన్ వద్దని కూడా నేను అనడం లేదు. అది జరగబట్టే మావారు నా ఎదుట ఉన్నారు. ముందే చెప్పలేదన్నదే నా బాధ. చెప్పి ఉంటే ఆ మొదటి నెలల్లో, ఎందుకు మరిచారు, ఎందుకు చూసుకోలేదు అని ఆయన్ని అన్ని మాటలు అనేదాన్ని కాదు.

దేశంలో మొదటి బైపాస్ 1975లో మా పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో జరిగిందని ఈ పేట వాళ్లమంతా గర్వంగా చెప్పుకుంటాం. అలాంటి నగరంలో సంతకానికి మా చేతికిచ్చిన కాగితాలు ఇంగ్లీషులో, తమిళంలో ఉన్నాయి. నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి రాత్రి రైలెక్కి వచ్చే మనవాళ్లు ఎంతమంది! ఏమి రాసి ఉందో తెలియకుండానే వేలిముద్ర వేస్తున్నారు. చికిత్సలోని ప్రమాదాలను రోగికి ముందుగా చెప్పి తీరాలని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అది అమలవుతోందో లేదో చూసే అధికారి ఎవరు? కొత్త భవనాలకు రిబ్బన్లు కత్తిరించడానికి వచ్చేవారు ఒక్క వార్డులో రోగి పక్కన కూర్చుని, "నీకేమి చెప్పారు?" అని అడిగిన వార్త ఎప్పుడైనా వేశారా?

పదిహేను, ఇరవై నిమిషాల పరీక్ష చాలు. కొన్ని మాటలు గుర్తుంచుకుని చెప్పడం, వంద నుంచి ఏడేసి తీసేయడం, గడియారం బొమ్మ గీయడం. ఆపరేషన్‌కు ముందు ఒకసారి, ఆరు వారాలకు, ఆరు నెలలకు మళ్లీ చేసి, ఆ ఫలితం డిశ్చార్జి కాగితాలతో కలిపి ఇవ్వాలి. రోగికి వచ్చిన భాషలో ఒక పేజీ అచ్చు వేయించి ఇవ్వడానికి ఆసుపత్రులకు పెద్ద ఖర్చేమీ కాదు. ఇక్కడి ఆరోగ్యశాఖ ఈ నిబంధన పెట్టాలి. తమ రోగులు ఇంత దూరం వస్తున్నందుకు ఆంధ్ర ప్రభుత్వమూ అడగాలి. మీరు కూడా గుండె వైద్యులతో పాటు ఒక నరాల వైద్యుణ్ణి కూర్చోబెట్టి, ఈ సంగతి మీద ఒక పూర్తి పేజీ వేయాలని కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై