ఆ ఫొటో కింద తీసినవాళ్ల పేరు లేదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో యూదుల చరిత్ర మీద వచ్చిన డాక్యుమెంటరీల గురించి వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వ్యాసం బాగుంది. పక్కన వేసిన ఫొటోతోనే నా పేచీ. ముస్తాబైన ఆడవాళ్లు దుకాణం ముందు నిలబడి ఉంటారు, పక్కనే చిరుగుల బట్టల్లో పిల్లలు చెయ్యి చాస్తుంటారు. కింద ‘వార్సా ఘెట్టోలో నిత్యజీవితం, 1942’ అని రాశారు. ఘెట్టో అంటే పోలండ్ రాజధాని వార్సాలో నాజీలు యూదులను గోడ కట్టి బంధించిన పేట. నిత్యజీవితం కాదండీ అది, షూటింగు.

నేను తెనాలిలో ముప్పయ్యేళ్లు పెళ్లి వీడియోలు తీసినవాణ్ణి. తాళి కట్టేవేళ ఎవరో పెద్దాయన వీపు అడ్డమొస్తే ‘బాబూ, ఇంకోసారి కడుతున్నట్టు పట్టుకోండి’ అని పెళ్లికొడుకుని అడిగిన పాపం నాకూ ఉంది. అప్పగింతల్లో ఏడ్చి తేరుకున్న తల్లిని మళ్లీ ఏడవమన్నాను కూడా. రెండో టేకు నా కంటికి ఇట్టే దొరికిపోతుంది.

ఇజ్రాయెల్ దర్శకురాలు యాయెల్ హెర్సోన్‌స్కీ 2010లో తీసిన ‘ఎ ఫిల్మ్ అన్‌ఫినిష్డ్’ కథంతా ఈ టేకులదే. 1942 మే నెలలో నాజీ కెమెరా బృందం ఆ ఘెట్టోలో దాదాపు నెల్లాళ్లు తిరిగింది. తీసింది సుమారు గంట మూకీ, అదీ పూర్తికాలేదు. యుద్ధమయ్యాక తూర్పు జర్మనీ భాండాగారంలో దొరికితే, ఎన్నో డాక్యుమెంటరీలు అందులోంచి ముక్కలు కోసుకుని ఉన్నదున్నట్టు తీసిన దృశ్యాల్లా వాడేసుకున్నాయి. 1998లో అమెరికా వైమానిక స్థావరమొకదాంట్లో ఆ నాజీ బృందం పక్కన పడేసిన టేకులు బయటపడ్డాయి. అవే మొహాలు, అదే నడక, మళ్లీ మళ్లీ. ఒకచోట కెమెరా పట్టుకున్నవాడే ఫ్రేములోకి వచ్చేస్తాడు. కలిగిన యూదులు తోటివాళ్లు చస్తున్నా చలించరని లోకానికి చూపడానికి కట్టించిన వేషాలవి. ఆకలి మాత్రం వేషం కాదు, రోడ్డు మీది శవాలూ కాదు. అబద్ధం అంతకాలం చెల్లుబాటైంది అందుకే. జూలై 22 నుంచి ఆ జనాన్ని ట్రెబ్లింకా అనే చావు శిబిరానికి రైళ్లలో తరలించడం మొదలైంది.

బతికి బయటపడ్డ కొందరిని హెర్సోన్‌స్కీ హాల్లో కూర్చోబెట్టి ఆ రీళ్లు వేసి చూపించింది. ఆ గుంపులో అయినవాళ్లెవరైనా కనబడతారేమోనని వాళ్ల కళ్లు తెర మీద వెతుకుతుంటే నేను కాసేపు టీవీ ఆపేశాను.

మీ వ్యాసం మెచ్చుకున్న ఫ్రెంచి దర్శకుడు క్లాడ్ లాంజ్‌మన్ ‘షోవా’ (1985) తొమ్మిదిన్నర గంటల్లో పాత ఫుటేజీ ఒక్క ముక్క లేదు. ఆ నిగ్రహానికి దండం పెట్టాలి. అయితే అక్కడా ఏర్పాటుంది. ట్రెబ్లింకాలో గ్యాస్ గదికి పోయే స్త్రీల జుట్టు కత్తిరించిన అబ్రహాం బొంబాతో మాట్లాడించడానికి ఇజ్రాయెల్‌లో సెలూన్ అద్దెకు తీసుకుని, ఆయన చేతికి కత్తెరిచ్చాడు. బొంబా గొంతు పూడుకుపోయి ఆగిపోతే, చెప్పి తీరాలని పట్టుబట్టాడు. నాకు ఆ అప్పగింతల తల్లి గుర్తొచ్చింది. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా. ఎందుకు తీస్తున్నారో బొంబాకు తెలుసు, లేచి వెళ్లిపోయే వీలుంది. వార్సా వాళ్లకు ఆ రెండూ లేవు.

ఇంకో మాట. ఇజ్రాయెల్ దేశం మొదట్లో 1943 ఏప్రిల్‌లో తిరగబడ్డ ఘెట్టో వీరులనే ముందు నిలబెట్టుకుంది, యూదుల మారణకాండ స్మారకదినం పేరులోనే ‘వీరత్వం’ ఉంది. తిరగబడలేకపోయిన మామూలు మనుషుల గోడు దేశమంతా చెవిపెట్టి విన్నది 1961లో, యూదులను చావు శిబిరాలకు తరలించే పని నడిపిన నాజీ అధికారి ఐఖ్‌మన్ విచారణప్పుడే. ఆ సాక్ష్యాలతో 1974లో అక్కడివాళ్లు ‘ఎనభై ఒకటో దెబ్బ’ అనే డాక్యుమెంటరీ తీశారు. ఎనభై కొరడా దెబ్బలు తిని బతికిన కుర్రవాడు ఇజ్రాయెల్ చేరి చెబితే ఎవరూ నమ్మలేదట. ఆ నమ్మకపోవడమే ఎనభై ఒకటోది. అందులోనూ బాధితుల గొంతు వినిపిస్తుంటే కింద నడిచే బొమ్మల్లో చాలా నాజీలు తీసినవే. వేరే బొమ్మలు తీయడానికి వాళ్ల చేతిలో కెమెరా ఏదీ?

అందుకని, ఈసారి ఆ ఫొటో వేస్తే కింద ‘నాజీ ప్రచార బృందం తీసినది, వార్సా, మే 1942’ అని వేయించండి. ఒక్క లైను పడుతుంది. మా పెళ్లి క్యాసెట్టు అట్ట మీద కూడా స్టూడియో పేరు, ఫోన్ నంబరు ఉండేవి.

— ఒక పాత వీడియోగ్రాఫర్, తెనాలి