థర్మోస్టాట్ ఇచ్చిన పెద్దాయనకి, ఇంకా అందరికీ

బండి స్టార్ట్ అయింది. నిన్న సాయంత్రం అయింది, ఇవాళ పొద్దున కూడా అయింది. అంటే నిన్నటిది గాలివాటం కాదన్నమాట. చేతులకి గ్రీజు ఇంకా వదల్లేదు, నడుం పట్టేసింది, రాత్రి సరిగ్గా నిద్ర లేదు. రెండ్రోజులాగి తీరిగ్గా రాద్దామనుకున్నాను గానీ, ఆగితే ఈ మాటలు ఇలా రావు. అడ్డదిడ్డంగా ఉంటే సర్దుకోండి.

తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. మాది 1968 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, 1500 సీసీ. ఇంజన్ వెనకాల ఉంటుంది. రేడియేటర్ లేదు, నీళ్ళు లేవు. డైనమో షాఫ్టుకి రెండో చివర బిగించిన ఫ్యాన్ గాలి తోలుతుంది, ఆ గాలి రేకుల మధ్య నుంచి నాలుగు సిలిండర్ల మీదుగా పోయి వేడి లాగుతుంది. మిగతా వేడి సంగతి రెండున్నర లీటర్ల ఆయిల్ చూసుకోవాలి. షెడ్డులోకి తోసుకొచ్చినప్పుడు ఇంజన్ పట్టేసి ఉంది. వెనక సీటు కింద బ్యాటరీ పెట్టే చోట ఫ్లోరు తుప్పుకి రాలిపోయి, సీటు తీస్తే కింద నేల కనిపించేది.

మా ఆయనకీ పిల్లలకీ థ్యాంక్స్. షెడ్డు ఖాళీ చేసి ఇచ్చారు, ఇంట్లో పనులన్నీ చూసుకున్నారు, బాడీని ఛాసిస్ మీద నుంచి లేపిన రోజు నాలుగు మూలలా పట్టుకున్నారు. తమ్ముడు వెల్డింగ్ చేసిపెట్టాడు. ఇంట్లోవాళ్ళకి ఇంతకన్నా చెప్తే నవ్వుతారు.

ఈ రాత అసలు ఒక పెద్దాయన కోసం. పేరు రాయొద్దన్నారు, రాయను. నేను ఆయన్ని బాబాయ్‌గారు అంటాను, ఇక్కడా అలాగే అంటాను.

ఇంజన్ విప్పాక గానీ అసలు కష్టం తెలియలేదు. ఈ ఇంజన్ కేసు మెగ్నీషియం మిశ్రమంతో చేస్తారు. తేలిక, కానీ మెత్తన. సిలిండర్ హెడ్లని పట్టుకుని ఉండే 16 స్టడ్లూ (తల లేని పొడుగాటి బోల్టులు) ఉక్కువి. ఏళ్ళ తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే, ఆ స్టడ్లు కేసులోని మరల్ని మెల్లగా పీక్కొచ్చేస్తాయి. నేను ఒక నట్టు విప్పుతుంటే స్టడ్డు కూడా నట్టుతో పాటే వచ్చేసింది. దాని చివర బూడిదరంగులో తీగలా చుట్టుకుని ఏదో ఉంది. గోటితో లాగి చూశాను. కేసులో ఉండాల్సిన మర అది.

కేసుని గుడ్డలో చుట్టుకుని మిషన్ షాపులకి తిరిగాను. ఒకచోట గుడ్డ కూడా విప్పనివ్వలేదు. "మెగ్నీషియమా? మేం ముట్టుకోం." ఇంకోచోట, "ఇంత పాతదానికి ఇంత శ్రమెందుకు మేడం, పారేసి వేరేది చూసుకోండి." అక్కడే, తన పనేదో చేయించుకోడానికి వచ్చి బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చారు. "ఏదీ, ఇలా పెట్టు తల్లీ" అన్నారు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, స్టడ్డు ఊడిన కన్నంలో చిటికెనవేలు పెట్టి చుట్టూ తడిమారు. బేరింగు కూర్చునే చోట్లు ఒక్కొక్కటీ వెలుతురుకి తిప్పి చూశారు. "దీనికేం రోగం? మర పోయిందంతే. స్టీలు ఇన్సర్టులు వేస్తే మనకంటే ఎక్కువ కాలం ఉంటుంది." అంటే కన్నం పెద్దది చేసి, లోపల మర ఉన్న ఉక్కు గొట్టం బిగించడం. మీ ఇల్లెక్కడ, డ్రిల్లు స్టాండు ఉందా అని అడిగారు. అంతే. నేనెవరో ఆయనకి తెలీదు, ఆయనెవరో నాకు తెలీదు.

చెప్పిన రోజుకి, చెప్పిన వేళకి వచ్చారు. చెక్కపెట్టెలో మైక్రోమీటరు, డయల్ గేజ్, పాత బనీను గుడ్డలో చుట్టిన డ్రిల్లు బిట్లు. వాటితో పాటు ఒక ఇనప దిమ్మ. డ్రిల్లు పక్కకి పోకుండా నిట్టనిలువుగా దిగడానికి ముందురోజు ఇంట్లో కూర్చుని నా కేసు కోసమే చేసుకొచ్చారట. కన్నం ఒక్క పిసరు వాలినా హెడ్డు సరిగ్గా కూర్చోదు మరి. ఊడిన ఒక్కటే కాదు, 16కీ వేశారు. "మిగతావి నేడో రేపో ఇదే పని చేస్తాయి, మళ్ళీ విప్పుతావా?"

మొదలుపెట్టే ముందు చేయించిన పని: ఒక బకెట్ పొడి ఇసుక. మెగ్నీషియం తురుముకి నిప్పంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు, ఇంకా భగ్గుమంటుంది, ఇసుకే కప్పాలి. కాసేపటికోసారి ఆపి తురుమంతా బ్రష్షుతో డబ్బాలోకి ఎత్తించారు. ఇది ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ఆయన దగ్గర నాకు నచ్చిందేమిటంటే, నా చేతిలో స్పానర్ ఎప్పుడూ లాక్కోలేదు. క్రాంక్‌షాఫ్ట్ ఎండ్ ప్లే, అంటే ఆ షాఫ్టు ముందుకీ వెనక్కీ ఎంత కదులుతోందో చూసేటప్పుడు నన్నే చూడమన్నారు. ఈ ఇంజన్లో ఫ్లైవీల్ (షాఫ్టు చివర ఉండే బరువైన చక్రం) వెనక ఎప్పుడూ మూడు షిమ్ములు, అంటే పల్చటి ఉక్కు రింగులు ఉండాలి. ముందు రెంటితో బిగించి, కొలిచి, దాన్నిబట్టి మూడోది ఎంత మందం కావాలో లెక్క కడతారు. కావాల్సింది 0.07 నుంచి 0.15 మిల్లీమీటర్ల లోపు. "ముల్లు ఎంత చెప్తోంది?" "తొమ్మిది." అంటే 0.09. "మళ్ళీ తోసి చూడు." "తొమ్మిదే." "ఇంక వదిలెయ్. దాన్ని ముట్టుకోకు." ఫ్లైవీల్‌ని పట్టుకునే ఆ గడుసు 36 సైజు నట్టు బిగించడానికి పొడుగాటి పైపు తగిలించి నేను వేలాడుతుంటే, ఆయన పక్కన నుంచుని ఫ్లైవీల్ తిరక్కుండా పట్టీ అదిమి పట్టుకున్నారు. ఆయన వయసులో ఆ పని చెయ్యక్కర్లేదు.

మూడో సిలిండర్ గురించి మాత్రం చాలాసేపు చెప్పారు. మా మోడల్లో ఆయిల్ కూలర్ ఫ్యాన్ హౌసింగ్ లోపలే, సరిగ్గా మూడో సిలిండర్‌కి పోయే గాలికి అడ్డంగా నుంచుని ఉంటుంది. దానికి అందేది అప్పటికే వేడెక్కిన గాలి. అందుకే వాల్వు కాలితే ముందు దాందే కాలుతుంది. 1971 మోడల్ నుంచి కూలర్‌ని పక్కకి జరిపి విడిగా గాలి దారి ఇచ్చారు. "మూడోదాని వాల్వుల మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచు."

ఇక థర్మోస్టాట్ సంగతి. సిలిండర్ల కింద, కుడివైపు, ఒక చిన్న ఇత్తడి బెలోస్ (హార్మోనియం తిత్తిలా మడతలున్న డబ్బా) ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని ఒక కడ్డీతో ఫ్యాన్ హౌసింగ్‌లోని ఫ్లాపుల్ని, అంటే గాలికి అడ్డుపడే రేకు తలుపుల్ని, మూసి ఉంచుతుంది, వేడెక్కాక సాగి తెరుస్తుంది. ఇంజన్ త్వరగా, సమంగా వేడెక్కడానికి ఈ ఏర్పాటు. చల్లటి ఇంజన్లోనే కదా అరుగుదల ఎక్కువ. అయితే "అదొక దండగ" అని బెలోసూ ఫ్లాపులూ పీకి పారేసే మెకానిక్కులు చాలామంది. నా బండిలోనూ ఎవరో ఎప్పుడో పీకేశారు.

ఇక్కడ నా కడుపుమంట కూడా చెప్పుకోనివ్వండి. ఈ కారు 2 కోట్ల 15 లక్షలకి పైగా తయారైంది. మెక్సికోలో 2003 జూలై దాకా తయారవుతూనే ఉంది. అలాంటి బండికి పనిచేసే థర్మోస్టాట్ ఒకటి కొనడానికి నాకు చుక్కలు కనిపించాయి. కొత్తదని అమ్మినదాన్ని వేడినీళ్ళలో వేస్తే అలాగే ముడుచుక్కూచుంది. ఫోన్ చేస్తే "ఫిట్ చేశారా? ఫిట్ చేస్తే వాపసు లేదు." ఫిట్ చెయ్యలేదండీ, నీళ్ళలో వేశాను. "తడిస్తే కూడా వాపసు లేదు." పెట్రోలు పైపూ అంతే, కొత్తదే, వంచితే పగుళ్ళు. ఈ బండ్లు తగలబడేది ఎక్కువగా ఇంజన్ దగ్గర పైపు కారే. బొమ్మ బాగుంటే చాలు, లోపల ఏముందో చూసే నాథుడు లేడు. పోనీ మెకానిక్కుల్ని అడుగుదామంటే కుర్రాళ్ళకి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పట్టుకోవడం నేర్పేవాళ్ళే లేరు, కంప్యూటర్ తగిలించి కోడ్ చదవడమే చదువైపోయింది. వాళ్ళని అనేదేం లేదు, నేర్పనివాళ్ళని అనాలి. తనిఖీ ఆఫీసులో ఛాసిస్ నంబరు వెనక సీటు కింద, మధ్య దిమ్మ మీద కొట్టి ఉంటుందని చెప్తే నమ్మక, "ఇక్కడుండాలి కదా" అంటూ ముందు బానెట్టు లోపల టార్చి వేసి వెతికి, కాగితాలు తిప్పి పంపిన మహానుభావుడి గురించి విడిగా రాస్తాను. ఇప్పుడు మొదలెడితే థ్యాంక్స్ చెప్పడం మర్చిపోతాను.

థర్మోస్టాట్ దొరకలేదని బాబాయ్‌గారితో మాటల్లో అన్నాను. అడగలేదు, అన్నానంతే. తర్వాతి వారం న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చారు. థర్మోస్టాట్, దాని బ్రాకెట్, కడ్డీ, రెండు ఫ్లాపులు, మధ్య లింకు, స్ప్రింగుతో సహా. "పాత సామాన్లలో పడుంది. నీకు పనికొస్తుందేమో చూడు." బెలోస్ మీద 65-70 అని డిగ్రీలు కొట్టి ఉన్నాయి. వేడినీళ్ళలో వేస్తే ఠక్కున సాగింది. ఆ సంతోషంలో ఇంకేం చూడలేదు.

ఆ రాత్రి శుభ్రం చేద్దామని దీపం కింద పెట్టుకున్నాను. బ్రాకెట్ అంతా ఏళ్ళనాటి మసి, ఆయిల్ కలిసి గట్టిపడి ఉంది. బోల్టు పడే చోట మాత్రం వాషరంత గుండ్రంగా శుభ్రంగా, మెరుస్తూ ఉంది. బోల్టు తల మీద స్పానర్ జారిన గీత తెల్లగా, కొత్తగా ఉంది. ఫ్లాపుల అంచున మసి వేలికి తడిగా అంటింది. పాత సామాన్లలో పడి ఉన్నది ఇలా ఉండదు. ఆ వారంలోనే ఏదో ఇంజన్ నుంచి విప్పింది అది.

ఆయన షెడ్డులో కవర్ కప్పి ఒక బీటిల్ ఉందని ఒకసారి మాటల్లో అన్నారు. ఫ్లాపులు తియ్యాలంటే ఏం చెయ్యాలో నాకిప్పుడు తెలుసు. కార్బురేటర్ విప్పాలి, డైనమో వదులు చెయ్యాలి, ఫ్యాన్ హౌసింగ్ మొత్తం పైకి లేపాలి. థర్మోస్టాట్ కోసం బండి కింద వెల్లకిలా పడుకుని రేకు విప్పాలి. అసలే మోకాళ్ళ నొప్పితో మా షెడ్డు గుమ్మం దాటడానికి తలుపు పట్టుకునే మనిషి. ఒక్కరే చేశారు, నాకోసం. చేసి, సామాన్లలో పడుందన్నారు.

షెడ్డు నేల మీద కూర్చుని ఏడ్చాను. దాచుకునేదేముంది. ఇన్నాళ్ళ అలసట కూడా అందులో ఉందనుకోండి.

మర్నాడు ఫోన్ చేసి అడిగాను. కాసేపు బుకాయించారు. తర్వాత, "నా కాళ్ళు క్లచ్చి తొక్కే రోజులు అయిపోయాయిలే తల్లీ. అది ఉండి ఏం చెయ్యాలి?" అన్నారు. నేను ఏదో అనబోతుంటే, "అది సరే గానీ, వాల్వులు ఎంతకి పెట్టావ్?" అని మాట మార్చేశారు. 0.15 మిల్లీమీటర్ల సందు అన్నాను. "చల్లగా ఉన్నప్పుడే కదా?" అవునన్నాను. పెట్టేశారు.

నిన్న స్టార్ట్ చేసేటప్పుడు వచ్చారు. ముందు కాయిల్ వైరు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా ఉత్తినే తిప్పించారు. తర్వాత వైరు పెట్టాం. అంటుకున్నాక అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన వంగి థర్మోస్టాట్ కడ్డీని చూస్తున్నారు. కొత్త క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్టు) కాబట్టి 2000 ఆర్‌పీఎం దగ్గర 20 నిమిషాలు పట్టి ఉంచాలి, ఆ కాస్సేపూ మా ఆయన వాచీ పట్టుకున్నారు. మధ్యలో ఎప్పుడో కడ్డీ ఒక అంగుళం పైకి కదిలింది. "ఫ్లాపులు తెరుచుకున్నాయి" అన్నారు బాబాయ్‌గారు. ఇంకేం అనలేదు. వెళ్ళేటప్పుడు డబ్బు మాటెత్తితే చెప్పులేసుకుంటూ నా వైపు చూసిన చూపుకి మళ్ళీ ఎత్తలేదు.

బాబాయ్‌గారూ, మీరు ఇది చదవరు, మీ మనవరాలు చదివి వినిపిస్తుందని తెలుసు. మీకు బాకీ తీర్చడం నా వల్ల కాదు. కానీ కవర్ కింద ఉన్న మీ బండి ఇంజన్ అలా సగం విప్పి ఉందని తెలిశాక నేను ఊరుకోను. వచ్చే ఆదివారం స్పానర్లు పట్టుకుని వస్తున్నాను. వద్దనకండి. క్లచ్చి నేను తొక్కుతాను, మీరు పక్క సీట్లో కూర్చోండి.

అయ్యో, మర్చిపోయినవాళ్ళు ఉన్నారు. రేకులకి బ్లాక్ పెయింట్ కొట్టిపెట్టిన పెయింటర్‌కి, ఆదివారం కూడా షట్టర్ ఎత్తి 13 సైజు బోల్టులు ఇచ్చిన హార్డ్‌వేర్ షాపాయనకి థ్యాంక్స్. ఫ్లోరు పాన్ల పార్శిల్‌ని మెట్లు ఎక్కించి గుమ్మం దాకా తెచ్చిన డెలివరీ అబ్బాయికి కూడా. అతని పేరు అడగనే లేదు.

పక్కింటి బుడ్డోడు! వీడిని వదిలేస్తే ఊరుకోడు. ఈ కారులో అద్దం కడిగే నీళ్ళు స్టెపినీ టైరులోని గాలి ఒత్తిడితో చిమ్ముతాయి, నిజంగానే. ఆ టైరుకి పంపుతో గాలి కొట్టింది వీడే. మొదటిసారి నీళ్ళు చిమ్మింది కూడా వీడి మొహం మీదే.

ఇంజన్ మళ్ళీ ఎక్కించేటప్పుడు జాకీ పట్టుకున్న ఇద్దరు ఫ్రెండ్స్‌కి కూడా. ఆ నాలుగు బోల్టులు పడేసరికి ముగ్గురం చెమటతో స్నానం చేశాం.

500 కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ మార్చి వాల్వులు మళ్ళీ చూడాలి. నా ఫీలర్ గేజూ 13 రింగు స్పానరూ కనపడట్లేదు. నిన్న హడావిడిలో ఎవరైనా జేబులో వేసుకుని వెళ్ళుంటే ఇచ్చెయ్యండి, ఏమీ అనను.