పెరోల్‌కు ఒక ప్రాంతీయ అధికారి కావాలి, లూప్‌లైన్ పోస్టింగ్ కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం.

పెరోల్ (శిక్ష మధ్యలో ఖైదీని కొన్నాళ్లు షరతుల మీద బయటికి వదలడం) అనగానే మన రాష్ట్రంలో అందరికీ గుర్తొచ్చేది 2025 నాటి నెల్లూరు వ్యవహారం. జీవిత ఖైదు అనుభవిస్తున్న ఒకరికి పెరోల్ ఇచ్చారు, ఆగస్టులో గొడవయ్యాక రద్దు చేశారు. కింది అధికారులు వద్దన్నా ఉత్తర్వు వచ్చిందని పత్రికలు రాశాయి. ఎవరు సిఫారసు చేశారు, ఏ పార్టీ వాళ్లు చేశారు అని టీవీల్లో రోజుల తరబడి కొట్లాడుకున్నారు. అంత చర్చలోనూ ఈ రాష్ట్రంలో పెరోల్ అనే పనికి పూర్తి బాధ్యత ఎవరిదని అడిగినవాళ్లు నాకు కనిపించలేదు.

ఎవరిదీ కాదు. అదే జబ్బు.

అర్జీ ఎలా నడుస్తుందో చూడండి. ఖైదీ జైలు సూపరింటెండెంట్‌కు దరఖాస్తు ఇస్తాడు. ఆయన తన అభిప్రాయం రాసి, ఖైదీ సొంత ఊళ్లో పరిస్థితి ఎలా ఉందో కనుక్కోవడానికి పోలీసులకు పంపుతారు. ఎస్పీ ఆఫీసు నుంచి ఆ కాగితం స్టేషన్‌కు దిగుతుంది. అక్కడ బందోబస్తులూ కోర్టు డ్యూటీలూ అయ్యాక, తీరిక దొరికినప్పుడు ఎవరో ఒకరు ఊళ్లోకి వెళ్లి నలుగురిని అడిగి వస్తారు. ఆ నివేదిక మళ్లీ మెట్లెక్కి జైళ్ల శాఖకు, అక్కడి నుంచి సచివాలయంలో హోం శాఖకు చేరుతుంది. చివరికి జీవో. దారి పొడవునా ప్రతి ఒక్కరికీ వేరే ముఖ్యమైన పని ఉంది. పెరోల్ అందరికీ పక్క పనే. ఈ దారికి ఆధారమైన నిబంధనలు 1981 నాటివి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకూ ఇవే వారసత్వంగా వెళ్లాయి.

నేను ఉచిత న్యాయ సహాయం ప్యానెల్ లాయర్‌గా ఖైదీలను కలుస్తుంటాను. తల్లి మంచం పట్టిందని అర్జీ పెట్టుకున్న ఒకాయనకు ఉత్తర్వు వచ్చేసరికి ఆమె పెద్దకర్మ కూడా అయిపోయింది. కాగితం ఏ బల్ల మీద ఆగిందని ఆ కుటుంబం అడిగితే సమాధానం చెప్పగలిగినవాళ్లు లేరు. పలుకుబడి ఉన్నవాడి ఫైలు రెక్కలు కట్టుకుని ఎగురుతుంది. ఆ సంగతి బయటపడి గొడవైతే ఆ భయానికి పలుకుబడి లేనివాళ్ల ఫైళ్లు ఇంకా బిగుసుకుపోతాయి. నెల్లూరు గొడవ తర్వాత నాకు పట్టుకున్న టెన్షన్ ఇదే.

పెరోల్ ఎవరి దయాభిక్షో కాదు. ఖైదీ కుటుంబంతో బంధం తెంచుకోకుండా, శిక్ష ముగిశాక మనుషుల్లో కలిసి బతకగలిగేలా చేయడానికి ఉన్న ఏర్పాటు అని 2017లో అస్ఫాక్ కేసులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. నిబంధనలు పాతబడ్డాయి, మార్చుకోండి అని కూడా అదే తీర్పులో సూచించింది. అలాగని అడిగినవాళ్లందరినీ వదిలేయమని ఎవరూ అనరు. హత్యకు గురైన మనిషి ఇల్లు, హంతకుడి ఇల్లు ఒకే వీధిలో ఉంటాయి మన పల్లెల్లో. వాడు నెల రోజులు బయటికొస్తే ఇవతలి ఇంటివాళ్లు ఎలా నిద్రపోతారో కూడా ఒకరు వెళ్లి చూడాలి, వాళ్ల మాట రాసుకోవాలి. ఇప్పుడున్న పద్ధతిలో బాధితుల ఇంటికి వెళ్లి అడగడం స్టేషన్‌లో ఉన్న మనిషి ఓపికను బట్టి ఉంటుంది.

అయితే అధికారాన్ని సచివాలయం నుంచి ప్రాంతీయ స్థాయికి దించేస్తే చాలా? చాలదని హర్యానా చూపించింది. అక్కడ 2022లో చేసిన చట్టం కింద డివిజనల్ కమిషనర్ పెరోల్ మంజూరు చేయవచ్చు. అంటే ప్రాంతీయ అధికారే. కానీ ఆ అధికారికి రెవెన్యూ నుంచి శాంతిభద్రతల దాకా సవాలక్ష పనులు, పైగా ఎప్పుడైనా బదిలీ అయ్యే ఉద్యోగం. అత్యాచారం కేసులో శిక్ష పడి రోహ్‌తక్ జైలులో ఉన్న డేరా సచ్చా సౌదా అనే ఆధ్యాత్మిక సంస్థ అధిపతికి ఎన్నికల సీజన్లలో మళ్లీ మళ్లీ పెరోల్, ఫర్లో (మంచి నడవడికకు ఇచ్చే చిన్న సెలవు) దొరకడం దేశమంతా చూసింది. చట్టం ఏడాదికి పది వారాల పెరోల్, మూడు వారాల ఫర్లో ఇవ్వవచ్చు అంటోంది కాబట్టి కాగితం మీద తప్పు పట్టలేం. అదే జైలులోని మామూలు ఖైదీకి అంత సులువుగా దొరుకుతోందా అన్నదే ప్రశ్న.

కెనడా పద్ధతి నాకు ఇంతకంటే నచ్చింది. అక్కడ 1959 నుంచి పెరోల్‌కు ప్రత్యేకంగా ఒక జాతీయ బోర్డు ఉంది. దేశాన్ని అట్లాంటిక్, క్యూబెక్, ఒంటారియో, ప్రెయిరీస్, పసిఫిక్ అని ఐదు ప్రాంతాలుగా విడదీసుకున్నారు. ఒక్కో ప్రాంతంలో ఆఫీసు నడపడానికి ఒక రీజినల్ డైరెక్టర్ జనరల్ ఉంటారు. ఎవరిని విడుదల చేయాలో తేల్చేది ఆ డైరెక్టర్ కాదు. అది బోర్డు సభ్యుల పని. ఫైలు సమయానికి సిద్ధమైందా, విచారణ తేదీ తప్పిపోకుండా జరిగిందా, సమాచారం కోరిన బాధితులకు కబురు అందిందా అని చూసే బాధ్యత మాత్రం ఆ ప్రాంతీయ కార్యాలయానిదే. ఆదివాసీ ఖైదీ కోరుకుంటే వాళ్ల సంప్రదాయం తెలిసిన పెద్దను కూర్చోబెట్టి విచారణ జరుపుతారు. నిర్ణయం ఎందుకలా తీసుకున్నారో రాతలో ఉంటుంది, కావాలంటే ఎవరైనా అడిగి తెప్పించుకోవచ్చు.

అక్కడా తప్పులు జరిగాయి. 2022 సెప్టెంబర్‌లో సస్కాచివాన్ రాష్ట్రంలోని జేమ్స్ స్మిత్ క్రీ నేషన్ అనే ఆదివాసీ ప్రాంతంలో, దాని దగ్గరి ఊరు వెల్డన్‌లో, శిక్ష ముగియకముందే షరతుల మీద బయటికొచ్చి పరారీలో ఉన్న ఒక ఖైదీ 11 మందిని పొట్టన పెట్టుకున్నాడు. ఆ తర్వాత బోర్డు, జైళ్ల సంస్థ కలిసి విచారణ చేయించాయి, నివేదిక జనం ముందు పెట్టాయి. ఏ రోజు ఏ నిర్ణయం జరిగింది, దేని ఆధారంగా జరిగింది అన్నది చెప్పడానికి వాళ్ల దగ్గర రాత ఉంది. మన దగ్గర ఇలాంటిది జరిగితే చెప్పడానికి ఏముంటుంది?

అందుకే రాష్ట్ర ప్రభుత్వానికి నా విన్నపం. కోస్తాకు ఒకరు, రాయలసీమకు ఒకరు చొప్పున పెరోల్, ప్రొబేషన్ (నేరం చేసినవాళ్లను జైలుకు పంపకుండా పర్యవేక్షణలో ఉంచడం) పని తప్ప ఇంకేదీ లేని సీనియర్ అధికారులను నియమించండి. మంజూరు చేసేది రిటైర్డ్ జిల్లా జడ్జి, మానసిక వైద్యులు, సామాజిక కార్యకర్త ఉన్న కమిటీ కావచ్చు. ఆ కమిటీ ముందుకు సరైన కాగితం, సరైన సమయంలో రావడానికి మాత్రం ఒక మనిషి జవాబుదారీగా ఉండాలి.

ఆ మనిషిని ఎలా ఎంచుకుంటారన్నదే అసలు సంగతి. మన ప్రభుత్వాల అలవాటు నాకు తెలుసు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. కొత్త పోస్టు పెడతారు, కొన్నాళ్లు ఖాళీగా ఉంచుతారు, తర్వాత ఎవరికో అదనపు బాధ్యతగా అప్పగిస్తారు, లేదా ప్రాధాన్యం తగ్గించాలనుకున్న అధికారిని అక్కడికి పంపుతారు. పోలీసు శాఖలో దాన్ని లూప్‌లైన్ అంటారు. అలా మనసు చచ్చిపోయి వచ్చిన అధికారి పదిమంది కన్నీళ్లున్న ఫైళ్లను ఏం చదువుతారు? ఈ ఉద్యోగానికి బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ఐపీఎస్‌లకే, జైళ్ల శాఖ వాళ్లకే అని గిరి గీయకూడదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద ఏళ్ల తరబడి పనిచేసిన ప్రొబేషన్ అధికారులు, సోషల్ వర్క్ చదివి జైళ్లలో పనిచేసినవాళ్లు, న్యాయాధికారులుగా చేసినవాళ్లు అర్హులు కావాలి. మహిళలు తప్పకుండా ఉండాలి. పాడేరు, రంపచోడవరం ఏజెన్సీ నుంచి వచ్చిన ఖైదీ విషయంలో ఊరి పరిస్థితి కనుక్కోవాలంటే అక్కడి భాష, అక్కడి పెద్దల మాటకున్న విలువ తెలియాలి. ఇంటర్వ్యూలో ఇవి అడగాలి. అభ్యర్థి చేతికి పేరు తీసేసిన ఒక పాత ఫైలు ఇచ్చి, దీన్ని మీరెలా నడుపుతారో రాయండి అంటే ఎవరి సత్తా ఎంతో గంటలో తేలిపోతుంది.

దీనికి ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. జైళ్లు రాష్ట్రాల జాబితాలోని అంశం. 2023లో కేంద్ర హోం శాఖ మోడల్ ప్రిజన్స్ చట్టం తయారుచేసి, మీకు తగినట్టు మార్చుకుని తెచ్చుకోండని రాష్ట్రాలకు పంపింది. మన రాష్ట్రం దాని మీద చట్టం చేసేటప్పుడు ఈ ప్రాంతీయ పోస్టులనూ అందులోనే రాయాలి. జీవోతో పెట్టిన పోస్టును ఇంకో జీవోతో తీసేయడం ఎంతసేపు?

హోం మంత్రి గారు కొత్త పెరోల్ నిబంధనల ముసాయిదాను తెలుగులో ప్రజల ముందు పెట్టి, అభిప్రాయాలు చెప్పడానికి కనీసం నెల రోజుల గడువు ఇవ్వాలని కోరుతున్నాను. నియామక ప్రకటన వచ్చిన రోజున నేను మొదట వెతికేది జీతం కాలమ్ కాదు, పదవీకాలం మూడేళ్లకు తగ్గదనీ, కారణం రాతపూర్వకంగా చెప్పకుండా మధ్యలో బదిలీ చేయరనీ ఉందో లేదో అని.

ఇట్లు,
ఒక న్యాయవాది,
కాకినాడ