తవుడుతో పోతున్న బి1 గురించి పౌర సరఫరాల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నెల్లూరు జిల్లా కోవూరు నుంచి నమస్కారాలు. వరి పండించే ఇంట్లో పుట్టి, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. బడులకు, హాస్టళ్లకు వెళ్లే బియ్యం మీ శాఖ చేతుల మీదుగా వెళ్తుంది కాబట్టి మీకే రాస్తున్నాను.

బి1 విటమిన్, అంటే థయమిన్, మన ఒంట్లో తయారు కాదు. వరి తనకు తానే చేసుకుంటుంది. అందుకు పెట్టే ఖర్చు తెలిస్తే తవుడును పశువుల మేతగా మాత్రమే చూడలేం. థయమిన్‌లో ఒక భాగానికి గంధకం కావాలి. ఒక ఎంజైము ఆ గంధకాన్ని తన ఒంట్లోంచే తీసి ఇస్తుంది, ఇచ్చాక మళ్లీ ఆ పనికి రాదు. ఒక్క అణువు కోసం ఒక ప్రొటీన్ మొత్తం ఖర్చైపోతుంది! అందుకే మొక్క దాన్ని వృథా పోనివ్వదు. ఆకుల్లో తయారైనదాన్ని, చక్కెర ప్రయాణించే పోషక కణజాలం దారిలోనే వేర్లకు చేరవేస్తుంది. విరిగిన థయమిన్ ముక్కలను ఏరుకుని మళ్లీ అతికిస్తుంది. సి విటమిన్‌ను కూడా వాడాక పాత రూపానికి తెచ్చుకుని మళ్లీ వాడుకుంటుంది.

గింజ ముదిరేసరికి బి1లో ఎక్కువ భాగం పైపొరలోనూ, పిండంలోనూ ఉంటుంది. రేపు మొలిచే మొక్క తన కాళ్ల మీద తాను నిలబడేదాకా అదే దాని ఆధారం. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టి మనం తవుడుగా తీసేసేది ఆ రెంటినే. మిగిలిన కొంచెంలోనూ కొంత కడుగులో, వార్చిన గంజిలో పోతుంది.

రేషన్‌లో పోషకాలు కలిపిన బలవర్ధక బియ్యం ఇవ్వడం మంచి పనే. ఆ బియ్యాన్ని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవాళ్లకు నేనే చెబుతుంటాను. బి12ను ఏ మొక్కా తయారు చేయదు, కలపాల్సిందే. ఫోలిక్ యాసిడ్ తయారీకి దారి చూపినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు; అది పిల్లలకు అందడం మనకు గర్వం. కానీ అందులో తప్పనిసరిగా కలిపేవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 మాత్రమే. తవుడుతో పోయిన బి1ను తిరిగి ఇచ్చే నియమం లేదు.

ముడిబియ్యం నిల్వ ఉండదని, తవుడులోని నూనె చెడి ముక్కవాసన వస్తుందని మిల్లర్లు అంటారు. నిజమే. అందుకని మొత్తం దంపుడు బియ్యమే ఇమ్మని అడగను. ఉప్పుడు బియ్యానికి ఆ చిక్కు తక్కువ: ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడు పైపొరలోని బి1 కొంత గింజ లోపలికి దిగుతుంది, తర్వాత పాలిష్ పట్టినా నిలుస్తుంది. పూర్వం పచ్చి బియ్యం తిన్న ఉత్తర సర్కారు జిల్లాల్లో (కోస్తా ఆంధ్ర వైపు) బి1 లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు కనిపించడానికీ, ఉప్పుడు బియ్యం తినేచోట్ల అంతగా లేకపోవడానికీ కారణం ఇదే.

మన వైపు పిల్లలకు ఉప్పుడు బియ్యం రుచించదని తెలుసు, బలవంతం వద్దు. జిల్లాలో కొన్ని హాస్టళ్లను ఎంచుకుని, నెలకు సరిపడా ధాన్యాన్ని దగ్గరి మిల్లులోనే ఆడించి, ఒక్క పట్టు పాలిష్‌తో బియ్యం ఇప్పించండి. వంటవాళ్లకు గంజి వార్చకుండా ఎసరు సరిపెట్టి వండడం నేర్పించండి. వ్యవసాయ శాఖతో మాట్లాడి, నెల్లూరు వ్యవసాయ పరిశోధనా స్థానం విడుదల చేసే వరి రకాలకు దిగుబడితో పాటు పాలిష్‌కు ముందూ తర్వాతా బి1 ఎంతో కూడా ప్రకటించేలా చూడండి. రబీ ధాన్యం కొనుగోళ్లు మొదలయ్యేలోపు ఉత్తర్వు వస్తే ఈ పంటతోనే మొదలుపెట్టవచ్చు.

భవదీయురాలు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, కోవూరు