ఐరిష్ జానపద వారసత్వ విభాగం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఐర్లండ్‌లో కాపురం పెట్టాక ఈ నేల కథలు చదివి ఊరుకోకూడదు, చేత్తో కూడా నేర్చుకోవాలన్నది మన విభాగం పట్టుదల. ఈ ఏడాది ఎక్కువ శ్రమ ఫిబ్రవరి 1న వచ్చే, ఐర్లండ్ క్రైస్తవ సాధ్వి సెయింట్ బ్రిజిడ్ పండుగకే పట్టింది. దీనికి 2023 నుంచి ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు. ముందురోజు రాత్రి రష్ గడ్డితో శిలువ అల్లి గుమ్మం పైన పెడితే ఇంటికి నిప్పు భయం ఉండదని ఇక్కడివాళ్ల నమ్మకం. ఏటా మామిడి తోరణం కట్టుకునే మనకు ఆ భావం వేరే చెప్పక్కర్లేదు.

రష్ మన తుంగను పోలి ఉంటుంది, చిత్తడి పొలాల్లో మొలుస్తుంది. కత్తితో కొయ్యరు, చేత్తో లాగుతారు. ఒక్కో శిలువకు 16 నుంచి 28 పుల్లలు కావాలి. ఒక పుల్లను నిలువుగా పట్టుకుని, రెండోదాన్ని సగానికి మడిచి దాని నడుముకు తగిలించాలి. కొసలు కుడివైపుకు రావాలి. మొత్తాన్ని ఎడమకు పావువంతు తిప్పితే ఆ కొసలు పైకొస్తాయి. మూడోదాన్ని వాటిమీద మడిచి మళ్లీ తిప్పాలి. ఇలాగే చివరిదాకా అల్లి, నాలుగు చేతులకూ దారం బిగించి కొసలు కత్తిరించాలి.

చాలామందికి నడిమి చతురస్రం దగ్గరే పని చెడింది. బొటనవేలు వదిలినా, ఒక్కసారి కుడికి తిప్పినా ముందు మడత పట్టు జారిపోతుంది. అప్పుడే లాగిన గడ్డితో అల్లినవి ఎండేకొద్దీ కుంచించుకుని వదులయ్యాయి. బాగా ఎండినవి మడత దగ్గర పుటుక్కున విరిగాయి. ఒకరోజు వాడిపోనిచ్చి, తడిగుడ్డలో చుట్టి ఉంచినవే కుదురుగా వచ్చాయి.

హాలోవీన్‌కు మూలమైన సౌవిన్ పండుగకు గుమ్మడికాయ మానేసి, పాత పద్ధతిలో టర్నిప్ దుంపల్ని దీపాలుగా తొలిచాం. టర్నిప్ గట్టిది. పైమూత కోశాక కత్తి పక్కనపెట్టి గట్టి చెంచాతో గీకడమే మేలు.

డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలోని జాతీయ జానపద భాండాగారం నుంచి పాత రాతప్రతులు చదవడం రెండో పని. 1937–39లో బడిపిల్లలు ఇంట్లో, ఊళ్లో పెద్దల్ని అడిగి రాసుకొచ్చిన కథలు, వైద్యాలు, ఆచారాలు అందులో ఉన్నాయి. వీటిని ఈ దేశపు అసలైన సంపదగా మేము భావిస్తాం. పాత ఐరిష్ లిపిలో ‘ఆర్’, ‘ఎస్’ ఒకేలా కనిపించి తికమక పెడతాయి. హల్లు మీది చుక్కను ‘హెచ్’గా చదువుకోవాలి. పిల్లల అక్షరదోషాల్ని దిద్దకండి, ఆ ఊరి ఉచ్చారణ వాటిలోనే దొరుకుతుంది.

వచ్చే పండుగకు జనవరి 30నే గడ్డి లాగుదాం. పొలం యజమాని అనుమతి ముందే తీసుకోవాలి. బూట్లు తప్పనిసరి.