రెండోసారి పట్టుబడినా జరిమానాతో సరా?

సంపాదకునికి,

తాగి బండి నడిపేవారికి జైలు శిక్ష పెంచాలన్న డిమాండు మళ్లీ వినిపిస్తోంది. శిక్ష ఇప్పుడు మాత్రం తక్కువా? మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారి ఆరు నెలల వరకు, మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు వేయవచ్చు. కానీ జైలుకు బదులు మొదటిసారి 10,000, మళ్లీ పట్టుబడితే 15,000 రూపాయల జరిమానాతోనూ సరిపెట్టవచ్చు. గరిష్ఠ శిక్షకు హద్దు గీసినవారు కనీస శిక్ష మాట ఎత్తలేదు.

నేను మేజిస్ట్రేట్ కోర్టులో గుమాస్తాగా పనిచేసి, ఇటీవలే పదవీ విరమణ చేశాను. రెండో నేరమని తేలాలంటే పాత తీర్పు నకలు ఛార్జిషీటుకు జతచేయాలి. మా దగ్గరికి వచ్చే ఫైళ్లలో చాలావాటికి బ్రీత్ ఎనలైజర్ చీటీ ఒక్కటే గుచ్చి ఉండేది. వేసవి దాటేసరికి దాని మీది అంకెలూ వెలిసిపోయేవి. ఇక పాత ముద్దాయి కూడా కొత్తవాడై 10,000 కట్టి దర్జాగా వెళ్లిపోయేవాడు. ఆటో డ్రైవరు మాత్రం అదే సొమ్ముకు వడ్డీ వ్యాపారి గడప ఎక్కేవాడు.

రెండేళ్లను అయిదేళ్లు చేసినా ఈ తంతు మారదు. రెండోసారికి వారం రోజులైనా తప్పనిసరి జైలు ఉండాలి. లైసెన్సు నంబరు కొట్టగానే పాత శిక్షలన్నీ మేజిస్ట్రేటుకు కనిపించే ఏర్పాటు ముందు చేయండి.

— విశ్రాంత కోర్టు ఉద్యోగి, తెనాలి